తొర్రూరుకు పోయిన ఫ్లాపీ

ఇమాం పాషా తప్పు చేశాడని వరంగల్ అంతా ఒప్పేసుకుంది. ఒప్పుకోవడం సులువు. చచ్చినవాడు లేచి వచ్చి కాదనడు కదా.

ఒప్పుకోనిది ఆయన భార్య దిల్షాద్ బేగం ఒక్కతే. మొగుడు పోయిన ఆడది గడప దాటని దినాలు అవి. మట్టెవాడలో వాళ్ల ఇంటి తలుపుకు పాత దుప్పటి పరదాగా కట్టుకుని, దాని వెనక కూర్చుని మాట్లాడింది. నేను ఇవతల వాకిట్లో స్టూలు మీద. మనిషి కనిపించలేదు. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు మాత్రం వినిపించింది.

"కొమురెల్లన్నా, నువ్వు పోలీసుల చేసినవట గదా?"

"చేసిన. వాళ్లకు నేను నచ్చలే, నాకు వాళ్లు నచ్చలే. ఇప్పుడు ప్రైవేటు డిటెక్టివ్‌ను. ఏడో తరగతి కాడ బడి ఇడిసిపెట్టినోనికి ఇంతకంటె ఏం దొరుకుతది? అది ఇడిసిపెట్టు చెల్లె. మీ ఆయన ఆ పొద్దు తొర్రూరు పోయిండా, లేదా?"

"పోయిండు."

"నువ్వు చూసినవా?"

"నేనెట్ల చూస్త? పొద్దుగాల టిఫిన్ డబ్బ పట్టుకొని పోయిండు, మాపటికి పట్టుకొని వచ్చిండు. రెండు బ్రాంచీలల్ల ఇచ్చిన అన్నడు."

"అందరి మొగుళ్లూ అన్నీ అంటరు."

కటువుగా అన్నానని నాకూ తెలుసు. మెత్తగా అడిగితే మెత్తటి అబద్ధాలే వస్తాయి, నా పని అటువంటిది.

"ఆ డబ్బల ఏముంటదో ఎరుకేనా అన్నా? అన్నం కాదు, ఫ్లాపీలు. ఎండ తాకొద్దు, దుమ్ము తాకొద్దు అని ఆఫీసుల గోపాల్ చెప్పిండట. ఆ దినం సంది డబ్బల అన్నం పెట్టనియ్యలే. కడిగి, తుడిచి, అండ్ల ఫ్లాపీలు పెట్టుకొని, బస్సుల ఒళ్లె పెట్టుకొని కూసునేటోడు. ఆకలైతే బన్ను తినేటోడు. అసొంటి మనిషి మరిచిపోయిండంటే నువ్వు నమ్ముతవా?"

నేను నమ్మకం పెట్టుకోవడం మానేసి చాలా కాలమైంది.

సంగతి ఇది. నవదుర్గ మెడికల్ ఏజెన్సీస్ అని హోల్‌సేల్ మందుల కంపెనీ. యజమాని సారయ్య సేఠ్. హెడ్డాఫీసు మట్టెవాడలో, బ్రాంచీలు పరకాలలో, తొర్రూరులో. ఈ మధ్యే మూడు చోట్లా కంప్యూటర్లు పెట్టించాడు. మిషన్‌లో నంబరు కొడితేనే బిల్లు, బిల్లు వస్తేనే మందు బయటికి పోవాలి. ధర మారినా, ఏదైనా మందు ఆపాలన్నా ఆ మిషన్ల లోపలి ప్రోగ్రాం మార్చాలి. హెడ్డాఫీసులో గోపాల్ కొత్త ప్రోగ్రాం తయారుచేసి ఫ్లాపీలనే పల్చటి డిస్కుల్లో ఎక్కిస్తే, వాటిని బస్సు మీద బ్రాంచీలకు చేర్చేవాడు ఇమాం పాషా.

పోయిన నెల మందులు తయారుచేసే కంపెనీ నుంచి తంతి వచ్చింది. ఒక బ్యాచ్ గ్లూకోజ్ సీసాలు చెడిపోయాయి, అమ్మొద్దని. గోపాల్ ప్రోగ్రాం మార్చాడు. ఆ బ్యాచ్ నంబరు కొడితే మిషన్ బిల్లు ఇవ్వదు. పరకాలలో అమ్మకం ఆగిపోయింది. తొర్రూరులో ఆగలేదు. అక్కడి నుంచి ఒక సీసా పక్కనున్న నర్సింగ్‌హోమ్‌కు పోయింది. అప్పుడే కాన్పైన ఒక పిల్లకు ఎక్కించారు. తెల్లారేసరికి ఆ పిల్ల లేదు.

ఆ పిల్ల పేరు సుగుణ. తొర్రూరు బ్రాంచి చూసుకునే కట్టయ్యకు ఒక్కతే బిడ్డ.

ఫ్లాపీ నాకు చేరనే లేదన్నాడు కట్టయ్య. ఇమాం పాషా మధ్యలో ఎక్కడో మరిచిపోయాడన్నాడు సారయ్య. తర్వాత పాషా తొర్రూరు రోడ్డు పక్కన ఒక వ్యవసాయ బావిలో తేలాడు. చేసిన తప్పుకు సిగ్గుపడి దూకాడని ఇన్‌స్పెక్టర్ నర్సయ్య తేల్చేశాడు. ఇవ్వాళ సాయంత్రం ఫైలు మూసేస్తాడు.

"కట్టయ్య బిడ్డ పోయిన కబురు తెల్వంగనే సేఠ్ ఈయనను నలుగురి ముందట కొట్టిండు," అంది దిల్షాద్. "ఈయన సక్కగ తొర్రూరు పోయిండు. కట్టయ్య ఒక్క మాట చెప్తే అయిపాయె అనుకున్నడు. పొద్దుమూకినంక వచ్చిండు. ఏమైందంటే, అడగలేకపోయిన దిల్షాద్ అన్నడు. పీనుగు ముందట కూసొని కట్టయ్య తల కొట్టుకుంటాండట. గసొంటి మనిషిని ఏమడుగుత, పోనీ, నా మీదనే ఉండనీ అన్నడు."

"తర్వాత?"

"తెల్లారి సేఠ్ కాడికి పోయొస్త అన్నడు. మళ్ల రాలే."

"సేఠ్‌తోని ఏం పని?"

"చెప్పలే. జర మనసు కుదుటపడ్డట్టే ఉండె." పరదాకు దగ్గరగా జరిగింది. "అన్నా, ఆయన పోయిండని ఏడ్చుడు నా ఏడుపు, నేనే ఏడుస్త. ఆయనను నాకు తెచ్చియ్యమంటలేను. నా బిడ్డ బోరింగు కాడికి పోతే, బాలెంతను చంపినోని బిడ్డ అంటాన్రు. గా మాట ఒక్కటి ఆయన మీదికెల్లి తియ్యి. ఇంకేం అడుగ."

నేను లేచాను. ఏదో ఒక మంచి మాట చెప్పి పోవాల్సింది. నాకు రాలేదు.

*

గోపాల్‌ను వెంట తీసుకుని తొర్రూరు బస్సెక్కాను. హైదరాబాద్‌లో కంప్యూటర్ కోర్సు చదివినవాడు, కళ్లద్దాలు, కొత్తగా పెళ్లైన కళ ఇంకా ముఖం మీద ఉంది. భయం కూడా ఉంది. నన్ను చూసి కాదు, నాతో రావడం ఎవరైనా చూస్తారని.

"ఈ ఫ్లాపీలు మోసుడేంది గోపాలూ? ఫోన్ల చెప్తే అయిపోదా?"

"హైదరాబాద్‌ల పెద్ద కంపెనీలు ఫోను తీగె మీదనే ప్రోగ్రాం పంపుతయి సార్. మన తొర్రూరు లైనుల హలో అంటెనే వినపడది. బస్సే దిక్కు."

"మరి ఇచ్చినట్టు గుర్తేముంటది?"

"రూలు ఒక్కటే సార్. కొత్త ఫ్లాపీ చేతిల పెట్టంగనే పాత ఫ్లాపీ వాపసు తీసుకోవాలె. ప్రోగ్రాం మిషన్ లోపలనే ఉంటది కాబట్టి పాత ఫ్లాపీతోని బ్రాంచోళ్లకు పనుండదు. వాపసొచ్చినయన్నీ సేఠ్ బీరువల ఉంటయి. ఆ దినం రెండు పాతయి తెచ్చి సేఠ్‌కు ఇచ్చిన అని పాషా అన్నడు. ఒక్కటే వచ్చింది, అది పరకాలది అని సేఠ్ అంటాండు."

"నువ్వు చూసిందేంది?"

"నేను అప్పుడు లేను సార్."

నా ప్రశ్న పూర్తి కాకముందే వచ్చిన జవాబు అది. పక్కన పెట్టుకున్నాను.

"కొత్త ఫ్లాపీలు పాషా చేతికిచ్చింది నువ్వేనా?"

"కాదు సార్. నేను చేసి సేఠ్ రూముల పెడత. ఏ కొత్త ఫ్లాపీ అయినా ముందు దేవుని పటం ముందట పెట్టి బొట్టు పెడతడు. తర్వాత ఆయన చేతి తోనే ఇస్తడు."

"ఫ్లాపీకి బొట్టు పెడతడా?"

"మొదట్ల ఫ్లాపీకే పెట్టవోయిండు. ఖరాబైతది సేఠూ అని కాళ్లు పట్టుకున్నంత పని చేసి కవరు మీద పెట్టిపిచ్చిన. బ్రాంచి పేరు గూడ కవరు మీదనే రాస్త. ఫ్లాపీ మీద పెన్ను ఒత్తొద్దు."

నవ్వు రావాల్సిన మాట. ఇద్దరికీ రాలేదు.

*

కట్టయ్య ఇంటి ముందు గదే దుకాణం. షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి పోయాం. కరెంటు లేదు. మందుల వాసన, ఉక్క. లోపలి గదిలో పసిబిడ్డ ఏడుస్తోంది. తల్లి పాలు తెలియని బిడ్డ ఏడుపు వేరుగా ఉంటుంది. ఊపిరి పట్టి పట్టి ఏడుస్తుంది. ఎవరో ఊయల ఊపుతున్న చప్పుడు.

కట్టయ్య గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. గడ్డం మాసింది. నా వైపు చూశాడు కానీ చూపు నా దాకా రాలేదు.

"చెప్పిన గదా సారూ. పోలీసోళ్లకు చెప్పిన, సేఠ్‌కు చెప్పిన. ఫ్లాపీ రాలే."

"పాషా ఆ దినం నీ కంట పడనే లేదా?"

"లే."

"బస్టాండుల చాయ్ కొట్టోడు చూసిండట. టిఫిన్ డబ్బ పట్టుకొని నీ దుకాణం దిక్కే వచ్చిండన్నడు." చాయ్ కొట్టువాడు నాకేమీ చెప్పలేదు. నేను అతన్ని అడగనూ లేదు.

"చూసుండొచ్చు. నా కాడికి రాలే."

"తర్వాతన్న వచ్చిండా? నీ బిడ్డ పోయిన పూట?"

ఇప్పుడు తల ఎత్తాడు. "వచ్చిండు. గా వాకిట్ల నిలబడ్డడు. అందరు నోటికొచ్చినట్టు తిట్టిన్రు. మా బామ్మర్ది కొట్టవోయిండు. కిక్కురుమనలే. నా దిక్కు చూసిండు. పోయిండు."

"నిన్ను ఏమీ అడగలేదా?"

"ఏం అడగలే."

ఆ రెండు మాటలు అనడానికి అతని పెదవులు పడ్డ కష్టం చూశాను. దొంగతనం చేసినవాడికి అట్లా కాదు. మనిషిని పోగొట్టుకున్నవాడికీ అట్లా కాదు. రెండూ కలిస్తే అట్లా ఉంటుంది.

గది చూడటం మొదలుపెట్టాను. మూలన బల్ల మీద కంప్యూటర్, మీద తెల్లగుడ్డ కప్పి ఉంది. అంచులకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టారు. పక్కన బిల్లులు కొట్టే ప్రింటరు, కాగితాల కట్ట. ఫ్లాపీలు పెట్టుకునే చిన్న ప్లాస్టిక్ పెట్టె. మూత తీశాను. ఖాళీ.

"గోపాలూ, ఇండ్ల ఏముండాలె?"

"ఒక్క ఫ్లాపీ సార్. ఆఖరుగ వచ్చింది."

"కొత్తది రాలేదంటాండు కట్టయ్య. అంటే?"

గోపాల్ కళ్లద్దాలు సర్దుకున్నాడు. "అంటే పాతది ఇండ్లనే ఉండాలె."

నేను ఖాళీ పెట్టె తీసుకెళ్లి కట్టయ్య ముందు నేల మీద పెట్టాను.

"పాతది ఏది కట్టయ్యా? పాషా రాకపోతే అది ఎవని చేతికిచ్చినవ్?"

"ఎక్కడనో పడ్డది."

"మిషన్‌కు పసుపు కుంకుమ పెట్టుకునేటోడివి. ఫ్లాపీని ఎక్కడనో పడేస్తవా?"

లోపల ఊయల చప్పుడు ఆగింది. కట్టయ్య భార్య మొగిలమ్మ గడపలోకి వచ్చింది. భుజాన పసిబిడ్డ. ఇంకో చేతిలో చతురస్రంగా ఉన్న కాగితం కవరు. కవరు మీద రెండు బొట్లు. ఒకటి ఎండిపోయిన పాతది, ఒకటి దానిమీద మళ్లీ పెట్టింది.

"దేవుని కాడనే ఉన్నదయ్యా," అంది.

"మొగిలీ!" కట్టయ్య లేవబోయాడు.

"చాలు ఇగ. నా బిడ్డ పోయింది. ఇంకొక ఆడిదాని ఉసురు గూడ మనకెందుకు? ఆయన చచ్చిపాయె. ఇంకెన్నొద్దులు మోపిస్తవ్ ఆయన మీద?"

ఆమె కవరు నా చేతిలో పెట్టి, గడప మీదే కూర్చుండిపోయింది. కట్టయ్య రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. అడిగే పని అయిపోయింది. ఇక కాచుకోవడమే.

"ఇచ్చిండు," అన్నాడు చేతుల వెనక నుంచి. "నా చేతిలనే పెట్టిండు. రూలు ప్రకారం పాతది ఆయనకు నేనే ఇచ్చిన. ఎక్కియ్యవా కట్టన్నా అన్నడు. అమాస ఎల్లనియ్యి పాషా అన్న. నీ ఇష్టం, నా పని ఇచ్చుడే అని నవ్విండు."

"అమావాస్యకు దీనికి సంబంధమేంది?"

"నిండు చూలాలు ఇంట్ల ఉన్నది సారూ. అమాస ముందట కొత్త పనికి చెయ్యి పెట్టొద్దని గుడి అయ్యగారు చెప్పిండు. పోయినసారి కొత్తది ఎక్కిచ్చిన దినమే మా అమ్మ జారిపడి కాలిరిగింది. నాకు భయమైంది. అండ్ల ఏమున్నదో నాకేం తెలుసు? ధరలు మారినయేమో అనుకున్న. బిడ్డ కాన్పు మంచిగ కానీ అని పాషా చూస్తాండంగనే దేవుని ముందట పెట్టి దండం పెట్టుకున్న."

చేతులు దించి అరచేతుల్లోకి చూసుకున్నాడు.

"నర్సింగ్‌హోమ్ ఆయమ్మ వచ్చి, మీ సుగుణకే, జల్ది ఇయ్యి అన్నది. నేనే నంబరు కొట్టిన. మిషన్ బిల్లు ఇచ్చింది. మంచి సీసా చూసి, గుడ్డతోని తుడిచి నేనే ఇచ్చిన సారూ. నా చేతి తోనే."

గోపాల్ గోడ వైపు తిరిగాడు.

"పాషా వచ్చి వాకిట్ల నిలబడ్డప్పుడు చెప్పాలె అనుకున్న. అందరు ఉన్నరు. నా బిడ్డను నేనే చంపుకున్న అని అందరి ముందట ఎట్లంట? ఆయన గూడ అడగలే. అడిగితే చెప్తుంటినేమో."

*

బయట జీపు ఆగింది. షట్టరు ఇంకొంచెం పైకి లేచింది. నర్సయ్య, వెనక ఇద్దరు కానిస్టేబుళ్లు.

నర్సయ్య, నేను ఒకేసారి ఖాకీ తొడిగాం. వాడు ఎక్కాడు, నేను దిగాను. నన్ను చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏం రా కొమురెల్లి, నీకు వాచీల టైము చూసుడే కష్టం. కంప్యూటర్ గూడ నేర్చినవా?"

"నువ్వు బావి పైకెల్లి చూసి, లోపలోడు ఎందుకు పడ్డడో చెప్పినవ్ గదా ఇన్‌స్పెక్టర్ సాబ్. అంత చదువు నాకు లేదు."

"మర్యాదగ బయటికి నడువు. ఈ మిషన్ కంపెనీ సొత్తు. వరంగల్ తీస్కపోతాన."

"పంచనామాకా?"

"రిపేరుకు."

"ఇన్‌స్పెక్టర్లు రిపేరు సామాన్లు ఎప్పటి సంది మోస్తాన్రు?"

వాడు ఒక అడుగు ముందుకు వేశాడు. నేను జరగలేదు. ఇద్దరి మధ్యా కట్టయ్య లేచి నిలబడ్డాడు. గోడ పట్టుకుని లేచాడు.

"సారూ, నేను మొదట చెప్పింది అబద్ధం. ఫ్లాపీ వచ్చింది. ఇమాం పాషా నా చేతికిచ్చిండు. ఎక్కియ్యంది నేను."

నర్సయ్య నా వైపు చూశాడు. "మంచిగనే నేర్పిచ్చినవ్."

"నాకెవలు నేర్పలే," అన్నాడు కట్టయ్య.

"ఆగు కట్టయ్యా. ఏమంటానవో సోయి ఉన్నదా? పాషా ఇచ్చిండంటే, నువ్వు ఎక్కియ్యలేదంటే, నీ బిడ్డను చంపింది ఎవడు? రేపు కోర్టుల అడిగితే ఏం చెప్తవ్?"

చాలా మందిని చాలా రకాలుగా కొట్టడం చూశాను. ఇంత దెబ్బ చూడలేదు.

"నేనే అని చెప్త," అన్నాడు కట్టయ్య. "రాస్కో సారూ. ఆ మనిషి పేరు కొట్టేయి, నా పేరు రాయి."

కానిస్టేబుల్ ఒకడు తల దించుకున్నాడు. నర్సయ్య మాత్రం రాయలేదు. జేబులోంచి సిగరెట్ తీశాడు, పసిబిడ్డను చూసి మళ్లీ పెట్టుకున్నాడు. అంతమాత్రం మనిషి వాడిలో ఎక్కడో మిగిలి ఉన్నాడు.

అప్పుడే కరెంటు వచ్చింది. ఫ్యాను గరగరమని తిరిగింది.

"సార్," అన్నాడు గోపాల్, ఎవరిని పిలిచాడో వాడికే తెలియకుండా. "గోదాంల ఆ సీసాలు ఇంకా ఉన్నయి. రేపు ఇంకెవలో వచ్చి కూసొని బిల్లు కొడ్తే మళ్ల బయటికి పోతయి. ఒక్కసారి ఇది ఎక్కిస్త. తర్వాత మిషన్ తీస్కపోండ్రి."

నర్సయ్య ఔననలేదు, కాదనలేదు. నేను కవరు గోపాల్ చేతికిచ్చాను.

వాడు తెల్లగుడ్డ తీశాడు. మిషన్ వెలిగింది. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు. ఫ్లాపీ లోపలికి తోశాడు. లోపల ఏదో కొరుకుతున్నట్టు చప్పుడు. కట్టయ్య ఆ చప్పుడు వింటూ కళ్లు మూసుకున్నాడు. ఆ చప్పుడు ఆ రోజే అయి ఉంటే, అని అనుకుంటున్నాడని నాకు తెలుసు. ఆ గదిలో అందరికీ తెలుసు.

"ఎక్కింది," అన్నాడు గోపాల్. "ఇప్పుడు ఆ బ్యాచ్ నంబరు కొడ్త. కీ మని మొత్తుకొని ఆగిపోవాలె."

కొట్టాడు. మిషన్ మొత్తుకోలేదు.

"ఏమైంది?"

గోపాల్ తెరకు దగ్గరగా వంగాడు. "పేరు అడుగుతాంది సార్. ఎవల పేరు మీద బిల్లు అని."

"అంటే?"

"అడగొద్దు. ఆగిపోవాలె. నంబరు తప్పు కొట్టినట్టున్న." మళ్లీ ఒక్కో అక్షరం చూసి కొట్టాడు. మళ్లీ అదే. పేరు రాయాల్సిన చోట పచ్చటి గీత ఒకటి వెలుగుతూ ఆరుతూ ఉంది.

"సుగుణ అని కొట్టు," అన్నాడు కట్టయ్య వెనక నుంచి.

గోపాల్ కొట్టాడు.

ప్రింటరు కదిలింది. ఆ చిన్న గదిలో అది చేసిన రొద అంతా ఇంతా కాదు. పసిబిడ్డ ఉలిక్కిపడి ఏడ్చింది. కాగితం వరస వరసగా పైకి లేచింది. గ్లూకోజ్ సీసా ఒకటి. బ్యాచ్ నంబరు. పేరు సుగుణ. అమ్మకానికి ఏ అడ్డూ లేదు.

ప్రింటరు ఆగింది.

"ఇది నేను చేసిన ప్రోగ్రాం కాదు," అన్నాడు గోపాల్. ఫ్లాపీ బయటికి లాగి అటూ ఇటూ తిప్పాడు. "కవరు నాదే. రాత నాదే. లోపలి ఫ్లాపీ పాతది సార్. బ్రాంచీల నుంచి వాపసొచ్చినయి ఉంటయి గదా, అండ్లది. దీన్ని తీసి ఈ కవరుల పెట్టనీకి కంప్యూటర్ చదువు అక్కర లేదు. చేతులుంటే చాలు."

వాపసొచ్చినవి ఎవరి బీరువాలో ఉంటాయో బస్సులోనే చెప్పాడు. మళ్లీ అడిగే అవసరం రాలేదు.

"పరకాల, మట్టెవాడ గోదాంలల్ల ఆగిపోయిన సీసాలన్నీ ఎటు పోయినయి గోపాలూ?"

"తొర్రూరుకే పంపిండు సార్. వాపసు పంపెతందుకు ఒక్క కాడ వేస్తాన అన్నడు."

వాపసుకు కాదు. అమ్మడానికి. రెండు చోట్ల మిషన్లు ఆగాలి, లోకానికి చూపించుకోవాలి కాబట్టి. ఒక్కచోట ఆగకూడదు.

కట్టయ్య బిల్లు వైపు చూస్తున్నాడు. అర్థం కావడానికి అతనికి టైము పట్టింది. పెద్ద బరువు ఎత్తుకున్నవాడికి దాన్ని దించడమూ కష్టమే.

"కొమురెల్లన్నా. ఆయన తెచ్చిచ్చిన దినమే నేను ఎక్కిచ్చినా..."

"ఇదే బిల్లు వస్తుండె కట్టయ్యా. ఇదే సీసా పోతుండె."

ఊపిరి పీల్చుకుంటాడనుకున్నాను. లేదు. కింద కూర్చున్నాడు.

"పాషా ఎందుకు అడగకపాయె?" అన్నాడు. "ఆ పొద్దు వాకిట్ల ఒక్క మాట అడిగితే, కోపానికన్న ఈ ఫ్లాపీ తీసి ఆయన మొఖాన కొడ్తుంటి. ఎవలన్న మిషన్ల పెట్టి చూస్తుండ్రి. బతుకుతుండె మనిషి. నా ఏడుపు చూసి నోరు మూసుకున్నడు. ఎందుకు మూసుకున్నడన్నా?"

మంచివాళ్ల గురించి నాకు తెలిసింది తక్కువ.

గోపాల్ కళ్లద్దాలు తీసి చొక్కాకు తుడుస్తున్నాడు. తుడుస్తూనే మాట్లాడాడు.

"సార్, పాషా పాత ఫ్లాపీలు వాపసిచ్చినప్పుడు నేను లేనని బస్సుల అన్న గదా. ఉన్న. రెండూ ఇచ్చుడు చూసిన. పాషా ఆఖరుగ సేఠ్ రూముకు వచ్చిన దినం గూడ ఉన్న, తలుపవతల. సేఠూ, తప్పు నా మీదనే ఉండనీ, కట్టన్నను ఏమనకున్రి, బిడ్డ పోయిన మనిషి అన్నడు. కానీ ఫ్లాపీ ఆయన దేవుని కాడ ఎక్కియ్యకుంటనే ఉన్నది, ఎవల్నన్న పంపి జల్ది ఎక్కిపియ్యున్రి, సీసాలు ఇంకా ఉన్నయి, ఇంకొకల బిడ్డ పోవద్దు అన్నడు."

"సేఠ్ ఏమన్నడు?"

"మంచి మాట చెప్పినవ్ పాషా, నువ్వే రా, ఇద్దరం పోయి ఎక్కిచ్చొద్దాం అన్నడు. ఇద్దరూ సేఠ్ జీపుల తొర్రూరు దిక్కు పోయిన్రు." వాడు వెక్కాడు. "మొన్ననే పెండ్లైంది సార్. నౌకరీ పోతదని చెప్పలే."

నేను నర్సయ్య వైపు తిరిగాను. వాడి ముఖంలో రంగు లేదు. సగం లేచిన షట్టరు కింద నుంచి బయట ఆగి ఉన్న జీపు చక్రాలు కనిపిస్తున్నాయి. వంగి చూశాను. అది పోలీసు జీపు కాదు.

"ఎవల జీపుల వచ్చినవ్ నర్సయ్యా?"

వాడు జవాబు చెప్పేలోపు బయట ఎవరో దిగారు. తెల్ల ధోవతి, కిర్రు చెప్పులు. వంగి, షట్టరు కింద నుంచి లోపలికి వచ్చాడు సారయ్య సేఠ్. దుకాణం యజమాని తన దుకాణంలోకి వచ్చినట్టే వచ్చాడు. మొదట మిషన్ చూశాడు. తర్వాత ప్రింటరులోంచి వేలాడుతున్న కాగితం చూశాడు.

"దుకాణం బందున్నది గదా, బిల్లు చప్పుడు బయటికినపడె," అన్నాడు మెల్లగా. "ఎవల పేరు మీద కొట్టిన్రు?"

కట్టయ్య లేచాడు. కాగితాన్ని ప్రింటరులోంచి చించాడు.

"నా బిడ్డ పేరు మీద సేఠూ."

నర్సయ్య చెయ్యి పైకి పోయింది. షట్టరు కొక్కెం పట్టి కిందికి లాగాడు. ధనామని నేలకు తాకింది. కానిస్టేబుళ్లిద్దరూ దాని ముందు నిలబడ్డారు. ఆ షట్టరు ఎవరు పారిపోకుండా వేశాడో, సారయ్యా, మేమా, వాడి కళ్లలో వెతికాను. నాకు అర్థం కాలేదు. బహుశా వాడికీ ఇంకా తేలలేదు.

"ఆ కాగితం ఇటియ్యి కట్టయ్యా," అన్నాడు నర్సయ్య.

కట్టయ్య బిల్లును నాలుగు మడతలు పెట్టి గుండెకు అదుముకున్నాడు.

"ఇయ్య సారూ. ఇది నా బిడ్డది."